కట్టింగ్ బల్ల నుంచి బాత్రూం దాకా

ఫిబ్రవరి 12

నిన్న మధ్యాహ్నం బాత్రూంలో జారిపడ్డాను. కుడికాలు. కొత్త మోకాలు వేయించుకుని సరిగ్గా అయిదు వారాలు.

నేల తడిగా ఉంది. అంతే.

ఫిబ్రవరి 13

ఆసుపత్రి మంచంమీద పడుకుని రాస్తున్నాను. ఇది కొలతలు రాసుకునే పుస్తకం. పేజీకో మనిషి: పొడవు, నడుము, తొడ, మోకాలు, అంచు. దుకాణం మూసేశాక సగం పుస్తకం మిగిలిపోయింది. యాభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ మోకాళ్ళన్నీ ఒక్కో గడిలో ఇరికించాను. నా మోకాలికి మాత్రం పేజీలు చాలేట్టు లేవు.

పొద్దున డాక్టరు వచ్చి, "కాలు మడవకుండా పైకెత్తండి" అన్నాడు. ఎత్తాను. అంటే, మనసులో ఎత్తాను. కాలు మాత్రం ఎవరో పక్కమీద మర్చిపోయి వెళ్ళినట్టు పడి ఉంది. మోకాలిచిప్ప కింద వేలు పెట్టి నొక్కాడు. వేలు మెత్తగా లోపలికి దిగిపోయింది.

"మేం వేసిన లోహపు మోకాలు భేషుగ్గా ఉంది. చిప్పని కింది ఎముకకి పట్టి ఉంచే స్నాయువు తెగింది. అందుకే చిప్ప పైకి జరిగిపోయింది" అన్నాడు.

దర్జీవాడికి ఇంతకన్నా విడమరచి చెప్పక్కర్లేదు. నడుంపట్టీలో ఎలాస్టిక్ తెగితే కొస లోపలికి పారిపోతుంది. దాన్ని మళ్ళీ బయటికి లాగడమే సగం పని.

"ఎలా పడ్డారు?"

నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ అందుకుంది. "నా వల్లే డాక్టరుగారూ. నేల కడిగి, తుడవకుండా బజారుకి వెళ్ళిపోయాను. తుడిచాననే అనుకున్నా. తిరిగొచ్చేసరికి నేలంతా నీళ్ళు. ఆ నీళ్ళలో ఈయన."

డాక్టరు రాసుకున్నాడు. నేను ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడు.

ఫిబ్రవరి 14

మా తోడల్లుడు చూడ్డానికొచ్చాడు. లిఫ్టులో కాదు, మెట్లెక్కి. మూడంతస్తులు. రాగానే ఆ మాటే చెప్పాడు.

మా మరదలి మొగుడు. ఇళ్ళకి నేలరాళ్ళు పరిచే మేస్త్రీ. నాకు డెబ్భై ఒకటి, అతనికి అరవై ఎనిమిది. అతను మోకాళ్ళమీద కూర్చుని మోకాళ్ళు పోగొట్టుకున్నాడు, నేను మిషను తొక్కి పోగొట్టుకున్నాను. ఇద్దరికీ ఒకే డాక్టరు, ఒకే వారంలో, ఒకే కంపెనీ మోకాలు వేశాడు. అక్కడితో పోలిక సరి. మూడోవారానికే అతను చేతికర్ర మూలన పెట్టేశాడు. నేను కర్రనే ఆలిగా చేసుకున్నాను.

వచ్చినవాడు మంచం పక్కన కుర్చీలో కూర్చుని మా ఆవిడకి కథ చెప్పడం మొదలుపెట్టాడు. "వదినా, ఒకాయన ఇంటికి రాళ్ళు వెయ్యడానికెళ్ళా. మట్టం పెట్టి చూసి, మీ నేల అరంగుళం వాలింది సార్ అన్నాను. పాతికేళ్ళు ఆ ఇంట్లో చక్కగా తిరిగిన మనిషి, ఆ రోజునుంచీ పక్కకి ఒరిగి నడుస్తున్నాడు!"

మా ఆవిడ పైట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

అది నా కథ. ఒక పెద్దమనిషికి ప్యాంటు కొలతలు తీస్తూ, మీ ఎడమకాలు అరంగుళం పొట్టి సార్ అన్నాను. అరవై ఏళ్ళు చక్కగా నడిచినవాడు ఆ రోజునుంచీ కుంటడం మొదలుపెట్టాడు. మా ఇంట్లో ఈ కథ నూరుసార్లు చెప్పాను. అతను కాలు తీసి నేల పెట్టాడు, అంతే. నేను చెప్పినప్పుడు మా ఆవిడ "ఊ, చాల్లెండి" అంటుంది.

నాకు అసూయ లేదు. దొంగసొత్తు దొంగసొత్తే కదా అని రాసుకుంటున్నాను.

ఫిబ్రవరి 16

"తెగినచోట రెండు కొసలూ కలిపి కుట్టెయ్యొచ్చు కదా?" అని డాక్టర్ని అడిగాను.

"మోకాలు మార్చినచోట అది నిలవదండీ. కండ చివికి ఉంటుంది. కుట్టు పట్టదు, కోసుకుంటూ వచ్చేస్తుంది. వల వేస్తాం."

జేబులోంచి ఒక ముక్క తీసి చూపించాడు. తెల్లటి దారంతో అల్లిన వల. వేళ్ళమధ్య నలిపి చూశాను. నేసింది కాదు, అల్లింది. కోసినా అంచు పోగులు ఊడవు. దాన్ని చుట్టి తాడులా చేసి, కింది కొస ఎముకలో పాతి, పైకొస తొడ కండల్లోకి లాగి కుడతాడట. కొన్నాళ్ళకి నా కండే ఆ వలలోకి పెరిగి పట్టుకుంటుందట.

"కుట్టు ఏం కుడతారు?" అన్నాను.

ప్యాడు మీద గీసి చూపించాడు. ప్రతి పోటుకీ దారం తన మెలికలోంచి తనే దూరి బిగుసుకుంటుంది. మా కాజా కుట్టుకి మేనత్త కొడుకు. డాక్టరు కుర్రాడి చెయ్యి మంచిదే.

"ఒక్క మాట" అన్నాడు వెళ్తూ. "పన్నెండు వారాలు కాలు కర్రలా ఉండాలి. వంచితే ఊడుతుంది. ఈసారి ఊడితే నా దగ్గర ఇంకో గుడ్డ లేదు. జీవితాంతం కాలు ఈడ్చుకుంటూ నడవడమే."

ఫిబ్రవరి 18

అయింది. తొడ నుంచి చీలమండ దాకా సిమెంటు కట్టు. మేస్త్రీ చూసి, "మన సరుకే అన్నయ్యా" అని వేలితో కొట్టి చూశాడు. మా ఆవిడ నవ్వింది.

మార్చి 1

ఇంటికొచ్చి వారం. వీధి వైపు గదే ఒకప్పటి దుకాణం. ఇప్పుడు మంచం అక్కడే వేశారు, కట్టింగ్ బల్ల పక్కన. ఇక్కణ్ణుంచి వసారా, వంటగది గుమ్మం, ఆ చివర బాత్రూం తలుపు కనిపిస్తాయి.

మా ఆవిడ చేతిలో ఎప్పుడూ పొడిగుడ్డ. తుడుస్తుంది. రెండడుగులు వేసి వెనక్కి వచ్చి మళ్ళీ తుడుస్తుంది. స్టౌ కట్టేసి, గుమ్మందాకా వెళ్ళి, తిరిగొచ్చి చూస్తుంది. నిన్న గోడమీద ఒక కాగితం అంటించింది: "స్టౌ. కుళాయి. తలుపు. నేల."

"ఎందుకే అది?" అన్నాను.

"అమ్మకీ ఇలాగే మొదలైంది" అంది.

మా అత్తగారు చివరి నాలుగేళ్ళూ కూతుళ్ళిద్దర్నీ గుర్తుపట్టలేదు. ఒకసారి నన్నే, మీరు ఎవరింటికి వచ్చారు బాబూ అని అడిగి, మర్యాదగా మంచినీళ్ళిచ్చి సాగనంపింది. అప్పుడు నవ్వుకున్నాం.

మార్చి 4

ఏమీ రాయాలని లేదు.

మార్చి 9

ఆసుపత్రి నుంచి వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చింది. నేను కొలతలమ్మాయి అంటాను. దాని సంచిలో కోణాలు కొలిచే ప్లాస్టిక్ బద్ద ఉంటుంది. నా దగ్గర కొలవడానికేమీ లేదు. పాదం కదిలించమంటుంది, తొడ బిగించమంటుంది. నా వంపు సున్నా.

"మేస్త్రీకి ఎంతొచ్చింది?" అన్నాను మామూలుగా.

"నూట ఇరవై ఒక్క డిగ్రీలు తాతగారూ! నేను చూసినవాళ్ళలో ఆయనే ఫస్టు."

"నేను పడకముందు నాది ఎంత?"

"నూట అయిదు" అని, మర్యాదకి, "అదీ తక్కువేం కాదు" అంది.

మా ఆవిడ ఇవాళ మూడుసార్లు నవ్వింది. మూడూ సాయంత్రం వచ్చిన మేస్త్రీ మాటలకే.

మార్చి 15

నాకోసం నేను రాసుకునే పుస్తకంలో కూడా అబద్ధం రాశానంటే నేనెంత ఘనుణ్ణో.

నేను బాత్రూంలో పడలేదు.

ఫిబ్రవరి పదిన సాయంత్రం మేస్త్రీ మా ఇంట్లో చిన్న పీటమీద కూర్చుని, చేతులు తాకించకుండా లేచాడు. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. "చూశారా మీరు? మరిదిగారు ఎంత పట్టుదలగా చేస్తున్నారో!" ఆ "చూశారా మీరు" రాత్రంతా చెవిలో గింగురుమంది. నేనూ ఒకటి చేసి చూపించాలి, అతని వల్ల కానిది చెయ్యాలి అనుకున్నాను.

పాతకాలపు దర్జీలం. కోట్లకి చేతికుట్టు వెయ్యాలంటే కట్టింగ్ బల్ల ఎక్కి, బాసింపట్టు వేసుకుని, బట్ట ఒళ్ళో పరుచుకుని కుట్టేవాళ్ళం. మా గురువు అలాగే తిని, అలాగే కునికేవాడు. నేల మీద కూర్చుంటే బట్టకి మట్టి, కుర్చీలో కూర్చుంటే బట్ట జారుతుంది. అదీ లెక్క. కొత్త మోకాలితో బాసింపట్టు వద్దని డాక్టరు ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. మర్నాడు ఆవిడ బజారుకి వెళ్ళగానే ముక్కాలిపీట వేసుకుని బల్ల ఎక్కాను. మడిచాను. ఒక్క నిమిషం, నిజంగా, పూర్తి బాసింపట్టు. ఆవిడ తలుపు తీసేసరికి ఇలా కనిపించాలి అనుకున్నాను. తర్వాత తిమ్మిరెక్కింది. దిగబోయాను. కుడికాలు పీటమీద ఆనించి బరువు వేశాను.

కొత్త బట్టతాను చించితే వచ్చే చప్పుడు. నా లోపలినుంచి.

నేలమీద పడి ఏమనుకున్నాను? అమ్మో అనుకోలేదు. ఆవిడ వస్తుంది, బల్లనీ పీటనీ చూస్తుంది, ఎందుకెక్కారని అడుగుతుంది, సాయంత్రానికి మేస్త్రీకి తెలుస్తుంది అనుకున్నాను.

పీటని చేతికర్రతో బల్ల కిందికి తోశాను. చేతులు వెనక్కి ఆన్చి, పిరుదులమీద, వెనక్కి వెనక్కి పాకాను. ఈ గది, వసారా, వంటగది గుమ్మం. కాలు వెంట వచ్చింది, పాపం, ఎటు లాగితే అటు. మధ్యలో రెండుసార్లు కళ్ళు తిరిగాయి.

బాత్రూం నేల పొడిగా ఉంది. ఆవిడ శుభ్రంగా తుడిచే వెళ్ళింది.

బకెట్లోంచి రెండు చెంబులు నేనే పోశాను.

మార్చి 16

చెప్పేద్దామని, "ఏమే" అన్నాను.

"నీళ్ళు కావాలా?" అంది.

"ఊ" అన్నాను.

మార్చి 19

ఇవాళ కూడా మూడు గ్లాసుల నీళ్ళు తాగాను. కాలు కట్టులో ఉన్నవాడు అన్ని నీళ్ళు తాగితే ఆ తర్వాతి కష్టాలు ఎవరికి? ఆవిడకే. దానికీ నేలకీ రెండింటికీ ఆవిడే.

ఆవిడ చేతివేళ్ళు పగిలి ఉన్నాయి. గుడ్డ పిండీ పిండీ.

మార్చి 27

మరదలికి ఫోన్లో చెబుతోంది: "నన్ను డాక్టరుకి చూపించాలే. ఈయన లేచి తిరిగాక వెళ్దాం. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు."

నేను నిద్రపోతున్నాను అనుకుంది. రేపు చెబుతాను.

మార్చి 28

లేదు.

ఏప్రిల్ 2

మేస్త్రీ ఇవాళ బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చి మా ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు.

"వదినా, ఈ తప్పు మీది కాదు. నాది. నాలుగేళ్ళ కింద ఆ నున్నటి రాళ్ళు వేసింది నేను. అద్దంలా ఉంటాయని గొప్పకి పోయి వేశాను. గరుకువి వెయ్యాలి. ఆదివారం వచ్చి అన్నీ పీకి మార్చేస్తా."

"మీ మోకాలో?" అంది ఆవిడ.

"నా మోకాలికేం, గుర్రం!"

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నెలన్నర తర్వాత మొదటిసారి గుడ్డ కింద పెట్టి కూర్చుంది. ఆ తేలిక కూడా అతనే ఇచ్చాడు. నా తప్పుని ఇద్దరూ చెరిసగం పంచుకున్నారు. నాకు ఒక్క ముక్క కూడా మిగల్చకుండా.

ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు మండుతున్నది ఆ తేలిక అతనివల్ల వచ్చినందుకే. రాసి చూసుకుంటే తెలుస్తోంది.

ఏప్రిల్ 5, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

మేస్త్రీ పొద్దున్నే ఉలి, సుత్తి, గరుకురాళ్ళ పెట్టెతో వచ్చాడు. బాత్రూం తలుపు బార్లా తీసి పెట్టారు. మంచంమీంచి అంతా కనిపిస్తోంది. ముందు పీటమీద కూర్చుని ప్రయత్నించాడు. మూలలు అందలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. తర్వాత ఒక గోనెసంచి మడతపెట్టి నేలమీద వేసి, గోడ పట్టుకుని, ఎడమ మోకాలు ఆన్చాడు. తర్వాత కొత్తది.

అతని మొహం నాకు పక్కనుంచి కనిపించింది. రంగు మారింది. "గుర్రం" అన్నాడు తనలో తనే.

ఆన్చనీ అనుకున్నాను. ఇది రాసి తీరాలి. నేను అరవలేదు. వంగనీ. మొదటి రాయి లేచింది, రెండోది లేచింది. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా అతని తొడ అదురుతోంది. అక్కడ తెగితే అదే చప్పుడొస్తుంది. అతనికీ వల వేస్తారు. అతని వంపు కూడా సున్నా. ఇద్దరం పక్కపక్క మంచాలమీద. అప్పుడు ఎవరు ఎవరి కథ చెబుతారో చూద్దాం. మూడో రాయి దాకా ఇంత హాయిగా ఆలోచించాను. అవును, హాయిగానే ఆలోచించాను.

నాలుగో రాయి కోసం పక్కకి జరగబోయి అతను "అబ్బా" అన్నాడు. చెయ్యి చిప్పకింద పెట్టుకున్నాడు. సరిగ్గా డాక్టరు నా కాలిమీద వేలు దింపినచోట.

"లే!" అని అరిచాను. "తమ్ముడూ, లే! ఆ రాళ్ళకేం లేదు! నేను అక్కడ పడలేదు!"

సుత్తి ఆగింది. వంటగది గుమ్మంలోకి మా ఆవిడ వచ్చింది, చేతిలో గుడ్డతో.

"ఏంటన్నయ్యా?"

"బల్లమీంచి పడ్డాను. ఈ బల్లమీంచి. బాసింపట్టు వేసుకుందామని ఎక్కాను. అక్కడిదాకా పాకాను. నీళ్ళు నేనే పోశాను."

మేస్త్రీ గోడ పట్టుకుని మెల్లగా లేచాడు. కాలు చాచి చూసుకున్నాడు. చాచగలిగాడు. నాకు ఊపిరొచ్చింది.

మా ఆవిడ నావైపు రాలేదు. గుమ్మంలోనే నిలబడి, ఎవర్నో కాదు, తనని తనే అడుగుతున్నట్టు అంది:

"అయితే నేను తుడిచాను."

"తుడిచావు."

"నేను తుడిచే వెళ్ళాను."

"పొడిగా ఉంది. బొత్తిగా పొడిగా ఉంది."

గోడమీది కాగితం పీకింది. నాలుగు మడతలు పెట్టింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఏప్రిల్ 6

కంచం బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 7

కొలతలమ్మాయితో, "నీళ్ళు కావాలేమో ఆయన్ని అడుగమ్మా" అంది. నేను రెండు గజాల దూరంలో ఉన్నాను.

ఏప్రిల్ 8

మేస్త్రీ వచ్చి, పీకిన మూడు రాళ్ళూ నిలబడే, పొడుగు కర్రతో సరిచేసి వేశాడు. పాతవే. నాతో ఒక్కటే అన్నాడు: "నామీద పోటీకా బల్లెక్కావు అన్నయ్యా? నీ కాజాలు చూసి నేను సిగ్గుపడేవాణ్ణి కదా."

మంచి మనిషి. అదే కదా నా బాధ.

ఏప్రిల్ 11

మధ్యాహ్నం మా ఆవిడ వచ్చి బల్ల దగ్గర నిలబడింది. అక్కణ్ణుంచి వసారామీదుగా బాత్రూందాకా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. తిరిగొచ్చింది.

"ఇరవై రెండు" అంది. "నొప్పి పుట్టలేదా?"

"పుట్టింది."

"అంత నొప్పితో, నామీద పడెయ్యడానికి అంత దూరం పాకారా?"

"నీమీద అనుకోలేదు. నేలమీద అనుకున్నాను."

"నేల నాది కాదూ?"

కట్టు అంచున లేచిన దూది పీకాను.

"మరిదిగారిమీద కుళ్ళుకుని బల్లెక్కానని అప్పుడే చెబితే ఏం పోయింది? నవ్వేదాన్ని."

"అందుకే చెప్పలేదు."

పగిలిన వేళ్ళు పైటకి తుడుచుకుంది. "రెండు నెలలు, రోజూ పొద్దున్నే లేచి, ఇవాళ నాకు నా పేరు గుర్తుందా అని చూసుకున్నాను. తెలుసా మీకు?"

తెలియదు అనబోయాను. తెలుసు.

"తెలుసు" అన్నాను.

కూర్చోలేదు. కాని నీళ్ళగ్లాసు తనే తెచ్చి పెట్టింది, ఠప్పున. సగం పక్కమీద ఒలికాయి. తుడవలేదు.

ఏప్రిల్ 24

గుడ్డ తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. ఆవిడ పనికి సరిపడా మాట్లాడుతోంది. కథలూ, వాటికి నవ్వులూ లేవు. మేస్త్రీ చెప్పినా నవ్వడం లేదు. నాకు సంతోషంగా ఉండాలి కదా.

మే 13

పన్నెండు వారాలు నిండాయి. ఆసుపత్రికి నలుగురం వెళ్ళాం. చక్రాల కుర్చీ మేస్త్రీ తోశాడు. రంపంతో కట్టు కోశారు. లోపల కాలు మరెవరిదో: తొడ నా ముంజేతి లావు, చర్మం పొట్టు రాలుతోంది, మధ్యన నిలువునా కుట్ల గుర్తు. కుట్లు మాత్రం వరసగా ఉన్నాయి.

డాక్టరు ఫైలు తిరగేశాడు. "బాత్రూంలో తడినేలమీద జారి..."

"కాదు డాక్టరుగారూ" అంది మా ఆవిడ. "అది కొట్టెయ్యండి."

"ఇప్పుడు ఎందుకమ్మా అది?"

"నేల పొడిగా ఉంది. రాయండి."

డాక్టరు నావైపు చూశాడు. తల ఊపాను. కొట్టేసి, పెన్ను పట్టుకుని అడిగాడు: "మరి ఎలా పడ్డారు?"

"కట్టింగ్ బల్లెక్కి బాసింపట్టు వేశాను."

"వద్దని చెప్పానే! ఎందుకు వేశారు?"

గదిలో మేస్త్రీ ఉన్నాడు, మరదలు ఉంది, కొలతలమ్మాయి ఉంది. మా ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. నా తరఫున ఈసారి ఎవరూ అందుకోలేదు.

"ఇతని మోకాలు చూసి ఓర్వలేక" అన్నాను.

డాక్టరు మేస్త్రీని చూశాడు, నన్ను చూశాడు, ఫైలుని చూశాడు. "బల్లమీంచి పడ్డారు అని రాస్తాను" అని రాశాడు. మా ఆవిడ వంగి ఆ అక్షరాలు చదివి, సరిగ్గా ఉన్నాయని తల ఊపి, అప్పుడు పక్కకి తప్పుకుంది.

"సరే. కాలు మడవకుండా పైకెత్తండి."

ఎత్తాను. మొదట ఏమీ కాలేదు. తర్వాత చిప్పకింద ఏదో బిగిసింది, తాడు లాగినట్టు. మడమ పరుపుని వదిలింది. తొడ వణికిపోతోంది, మోకాలు కాస్త వాలింది. కాని మడమ గాల్లో ఉంది.

మా ఆవిడ ముందుకొచ్చి మడమకిందికి అరచెయ్యి అడ్డంగా దూర్చింది. తగలకుండా దూరింది.

"నాలుగు వేళ్ళు" అంది డాక్టరుతో. నాతో, "దించకండి" అంది.

వెనకనుంచి మేస్త్రీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. ఆపరేషనయ్యాక మొదటిసారి అతని కాలు ఎన్ని అంకెలు నిలిచిందో అడగాలని నోటిదాకా వచ్చింది. ఆవిడ చెయ్యి ఇంకా నా మడమకిందే ఉంది.

అడగలేదు.